బీరువాలో ఫెర్రెట్లు

పెళ్ళయిన తరువాత వచ్చిన మొదటి శనివారం పొద్దున లుచీనా పొయ్యి మీద పాలు పెట్టి నిలబడి ఉండగా బయటి తలుపు తాళంలో చెవి తిరిగిన చప్పుడైంది. జెనోన్ స్నానాలగదిలో ఉన్నాడు. ఆ ఇంటికి తాళంచెవులు రెండేనని, ఒకటి అతని దగ్గర, ఒకటి తన దగ్గర ఉన్నాయని ఆమె అనుకుంటోంది.

తలుపు తోసుకుని ఒక భారీ మనిషి లోపలికి వచ్చింది. యాభై దాటిన వయసు, ఎర్రరంగు వేసిన జుట్టు, సిగరెట్లతో బొంగురుపోయిన గొంతు. కోటు విప్పి, అటు చూడకుండానే మూడో కొక్కేనికి తగిలించింది. వంటింటి తలుపు వెనక్కి చెయ్యి పెట్టి అక్కడ వేలాడుతున్న గళ్ళ ఏప్రన్ తీసి నడుముకు కట్టుకుంది. అది చనిపోయిన అత్తగారిదేమో అనుకుని లుచీనా నిన్ననే ఉతికి ఇస్త్రీ చేసి పెట్టింది.

"అబ్బో, గంజి కూడా పెట్టారే," అంది ఆ వచ్చినావిడ ఏప్రన్ తడుముకుంటూ. "మీరే లుచీనా గారు కదూ? నేను బొజేనాని. మీరు కానివ్వండి, నా పని నేను చూసుకుని పోతాను."

బకెట్ ఎక్కడుందో, పాత పేపర్లు ఎక్కడున్నాయో ఆమె ఎవరినీ అడగలేదు. ముందుగదిలోకి వెళ్ళి, "ఏరా బాజిల్, ఏమే ఫ్రూజ్యా, అమ్మ వచ్చింది లేవండి," అని పిలిచింది. లుచీనా ఇటు తిరిగేసరికి పాలు పొంగి పొయ్యి ఆరిపోయి ఉంది.

"బోను కడగడానికి శనివారం మనిషి వస్తుందని చెప్పాను కదా," అన్నాడు జెనోన్, తడితల తుడుచుకుంటూ, మెల్లగా.

"మనిషి వస్తుందని చెప్పావు. ఆ మనిషి నీ మొదటి పెళ్ళామని చెప్పలేదు."

"చెబితే ఒప్పుకునేదానివా?"

"లేదు."

"అందుకే చెప్పలేదు."

జెనోన్, బొజేనా ఇరవై రెండేళ్ళు కాపురం చేసి విడాకులు తీసుకున్నారు. పెద్ద గొడవలేం జరగలేదు. ఇద్దరి మధ్యా మాటలు అయిపోయాయి, అంతే. పిల్లలు లేరు. ఉన్నవల్లా బాజిల్, ఫ్రూజ్యా అనే రెండు ఫెర్రెట్లు. ముంగిసకు దూరపు చుట్టంలా ఉంటుంది ఫెర్రెట్: మూరెడు ఒళ్ళు, పొట్టి కాళ్ళు, దొంగముఖం. రోజుకు పద్దెనిమిది గంటలు నిద్రపోయి, మెలకువగా ఉన్న కాసేపట్లో ఇల్లంతా తలకిందులు చేస్తుంది. బొజేనా చేరిన అద్దెగది యజమానురాలు జంతువులను గడప తొక్కనివ్వదు. అందుకని ఫెర్రెట్లు జెనోన్ దగ్గరే ఉండిపోయాయి. బొజేనాకు ఒక తాళంచెవి, శనివారాలు మిగిలాయి.

లుచీనాకు అప్పటికి యాభై ఒకటి. పోలండ్‌లోని తోరూన్ ఊరి ఆస్పత్రి లాండ్రీలో ఇరవై ఎనిమిదేళ్ళుగా పని. రక్తపు మరక చల్లనీళ్ళతో పోతుందా, అయోడిన్ మరక దేనితో పోతుంది, ఏ దుప్పటిని ఎంత వేడిలో ఉడికించాలి అన్నది ఆమె ముక్కుతోనే చెప్పగలదు. తల్లి ఉన్నన్నాళ్ళూ తల్లితో ఒక గదిలో ఉంది. తల్లి పోయాక ఆ గదిలోనే ఒంటరిగా ఉంది. సొంతమని చెప్పుకోవడానికి తల్లి వదిలిన ఓక్ చెక్క బీరువా ఒక్కటే. ఆవిరి ఇస్త్రీ యంత్రం బాగుచేయడానికి వచ్చిన జెనోన్ ఒకరోజు ఆమె పక్కన నిలబడి, "మీ చేతులు కాలవా?" అని అడిగాడు. ఇరవై ఎనిమిదేళ్ళలో ఆ మాట అడిగినవాళ్ళు లేరు. ఏడాది తిరగకుండానే మే నెలలో నగర కార్యాలయంలో పెళ్ళి సంతకాలు చేశారు. ఓక్ బీరువా నాలుగో అంతస్తులోని జెనోన్ ఇంటికి వచ్చింది. ముందుగదిలో చోటు లేక నడవలో గోడకు ఆనించారు. దాని పక్కనుంచి వెళ్ళాలంటే మనిషి అడ్డంగా తిరగాలి.

ముందుగదిలో చోటు ఎందుకు లేదంటే బోను వల్లే. కిటికీ పక్క మూలంతా అదే. ఇనప కోణాలతో మూడంతస్తులు, చుట్టూ తీగవల, అంతస్తుకూ అంతస్తుకూ మధ్య వాలుపలకలు, నేలకు తడి పీల్చని లినోలియం షీటు, నాలుగు గుడ్డ ఉయ్యాలలు, కాలువ గొట్టాల సొరంగాలు. లుచీనా మొదటిసారి చూసినప్పుడు జెనోన్ ముఖం వెలిగిపోయింది.

"ఒక చలికాలమంతా మేం దీనిమీదే కూర్చున్నాం. ఇదిగో ఈ గడియ చూడు, మేం మూడుసార్లు మార్చాం, ఫ్రూజ్యా ముక్కుతో తీసేసేది. ఈ ఉయ్యాలలు మేం..."

మేం. ఆ మాటలో లుచీనా లేదు. 'మనం' అనడానికి ఆ బోనులో ఒక్క మేకు కూడా లేదు. బొజేనా అందగత్తె అయివుంటే లుచీనా అంత బాధపడేది కాదేమో. ఆ లావు చేతులు, ఆ బొంగురు గొంతు చూసి ఆమె అసూయపడలేదు. ఆ ఇనప కోణాలను చూస్తే మాత్రం ఒళ్ళు మండిపోయేది. తను ఆ ఇంట్లో కూర్చునే కుర్చీ ఎదురుగా, రోజూ, తన మొగుడూ ఇంకొకత్తీ కలిసి గడిపిన చలికాలం మూడంతస్తులుగా నిలబడి ఉండేది.

శనివారాలు ఇలా జరిగేవి. బొజేనా వచ్చి ఫెర్రెట్లను బయటికి వదిలేది. అవి ఆమె స్వెటర్ మెడలోంచి దూరి నడుము దగ్గర తేలేవి. ఆమె వాటితో మాట్లాడుతూనే అవి దొడ్డికి వెళ్ళే డబ్బాలు మూలల్లోంచి తీసి, రంపపుపొట్టు గుళికలు పారబోసి, వెనిగర్ కలిపిన వేడినీళ్ళతో అంతస్తులు తుడిచేది. సొరంగంలో దాచిన మాంసం ముక్కలను, జెనోన్ సాక్సులను చెంచాతో గెంటి తీసేది. "జెనెక్, నీ సాక్సు," అని గాలిలోకి విసిరేది, జెనోన్ పట్టుకునేవాడు. లుచీనా అతన్ని ఎప్పుడూ జెనోన్ అనే పిలిచింది. జెనెక్ అనాలని నోటిదాకా వచ్చేది. ఆ ముద్దుపేరును ఇంకొకత్తి వాడి అరగదీసిందని ఆగిపోయేది. ఆ తరువాత ముగ్గురూ కూర్చుని కాఫీ తాగేవాళ్ళు. గసగసాల కేకు లుచీనా చేసేది, ఎందుకు చేస్తున్నదో తనకే తెలియకుండా.

"మా ఇంట్లో అయితే ఆ తాళం ఈపాటికి మార్చేసేదాన్ని," అంది లాండ్రీలో పక్క యంత్రం దగ్గర పనిచేసే రెగీనా. "పైగా కేకు చేసి పెడుతున్నావా? రేపు కాళ్ళు కూడా పిసుకు."

"ఆవిడ ఫెర్రెట్ల కోసం వస్తోందే."

"ఆహా. మరి నీకెందుకే ఆ కుళ్ళు?"

లుచీనా ఇంకో దుప్పటి తీసి మడత పెట్టింది.

జూన్ చివర ఒక శుక్రవారం ఆమె సెలవు పెట్టింది. బొజేనా వచ్చేసరికి కడగడానికి ఏమీ మిగలకూడదు. ఉయ్యాలలు, దుప్పటి ముక్కలు, అన్నీ మూటగట్టి లాండ్రీకి తీసుకెళ్ళి ఆస్పత్రి దుప్పట్లతో కలిపి ఉడికించింది. బోను మొత్తం బ్లీచింగుతో కడిగి, డబ్బాలు గీకి, గుళికలు కొత్తవి పోసింది. ఆపరేషను గదిలా మెరిసింది. లోపలికి పెట్టబోతే బాజిల్ ఆమె బొటనవేలు పళ్ళతో పట్టుకుని వదల్లేదు. చివరికి చన్నీళ్ళ కుళాయి కింద పెడితే వదిలాడు.

మర్నాడు పొద్దునకు రెండు ఫెర్రెట్లూ డబ్బాలు వదిలేసి ఉయ్యాలల్లో, నీళ్ళగిన్నె పక్కన, వాలుపలక మీద, ఎక్కడ పడితే అక్కడ పని కానిచ్చాయి. వాసనకు కిటికీలు తీయాల్సి వచ్చింది. బొజేనా గుమ్మంలోనే ఆగి గాలి పీల్చింది. నవ్వు ఆపుకోలేకపోయింది.

"అన్నీ ఒకేసారి ఉతికారా?"

"ఉతికాను. మురికిగా ఉన్నాయి."

"అయ్యో లుచీనా గారూ. వాటికి ఇల్లంటే వాసనే. ఒక గుడ్డ ఉతికితే ఒకటి వదిలెయ్యాలి. డబ్బాలో కూడా పాతది పిసరంత ఉంచాలి, లేకపోతే ఎక్కడికి వెళ్ళాలో వాటికెలా తెలుస్తుంది? మీరు వాటిని రాత్రికి రాత్రి పరాయింటికి పంపేశారు."

చెప్పిన తీరులో వెటకారం లేదు. అదే లుచీనాకు ఇంకా కష్టంగా ఉంది. వేలికి కట్టిన గుడ్డ వెనక్కి దాచుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఉతకడంలో తప్పు చేశావని ఆమెతో అన్న మనిషి అంతవరకు పుట్టలేదు.

ఆగస్టులో జెనోన్‌ను పై ఊళ్ళో కొత్త యంత్రాలు బిగించడానికి పంపారు. పన్నెండు రోజుల పని. మధ్యలో వచ్చే శనివారం ఏదో ఊరికి చెల్లెలి ఇంటికి వెళుతున్నానని, ఆ ఒక్కసారికి డబ్బాలు మార్చి పెట్టమని బొజేనా ఫోన్ చేసింది. లుచీనా సరేనని, ఫోన్ పెట్టేసి, నడవలోకి వెళ్ళి బీరువా తలుపులు తెరిచింది.

బట్టలన్నీ తీసి మంచం మీద కుప్ప పోసింది. నలభై ఏళ్ళ నాఫ్తలీన్ గోళీల వాసన గుప్పుమంది. ఆ వాసన ఫెర్రెట్లకు విషమని తెలుసు కనుక పలకలన్నీ విడదీసి, వెనిగర్‌తో మూడుసార్లు కడిగి, వారం పాటు బాల్కనీలో ఎండకు పెట్టింది. తలుపుల మధ్యచెక్క రంపంతో కోసి తీసేసి, చట్రానికి లోపలివైపు నుంచి తీగవల బిగించింది. బయటనుంచి బిగిస్తే గోళ్ళు చిక్కుకుంటాయి. తల పట్టిన సందులోంచి ఒళ్ళంతా జారిపోయే జంతువు కనుక ఏ సందూ రెండు వేళ్ళ వెడల్పు దాటకుండా చూసుకుంది. పడినా కాలు విరగకుండా అంతస్తులు తక్కువ ఎత్తులో పెట్టింది, అందుకే మూడుకు బదులు నాలుగు వచ్చాయి. చెక్క మూత్రం పీల్చకుండా ప్రతి అంతస్తుకూ లినోలియం పరిచి, అంచులు గోడకు నాలుగు వేళ్ళ ఎత్తున మడిచింది. ఉయ్యాలలు తన పాత పని గౌన్లు కోసి కుట్టింది. రంపం పట్టడం ఆమెకు కొత్త. అరచేతులు బొబ్బలెక్కాయి. తల్లి గుర్తొచ్చినప్పుడల్లా, "నువ్వయినా ఏం చేసేదానివి," అని గొణుక్కుంది.

పాత బోను మరలు విప్పింది. ఇనప కోణాలు నాలుగు విడతలుగా కిందికి మోసి చెత్తకుండీల పక్కన ఆనించింది. మెట్లెక్కి కిటికీలోంచి చూసింది. గంట గడవకముందే ఎవరో తోపుడుబండి మీద వేసుకుపోయారు. ఆ బండి మలుపు తిరిగిందాకా చూసింది. గుండె తేలికపడుతుందనుకుంది. కొంచెమే పడింది.

ఫెర్రెట్లు బీరువాలోకి రావడానికి ఒప్పుకోలేదు. పెడితే తలుపు గోకాయి. రెండు గంటలు గోకాయి. ఆఖరికి లుచీనా పళ్ళు బిగించి, ఉతకని పాత ఉయ్యాల ఒకటి, ఆకుపచ్చది, బొజేనా కుట్టినది, తెచ్చి పై అంతస్తులో కట్టింది. ఫ్రూజ్యా ముక్కు పెట్టి చూసి దానిలోకి దూరింది. వెనకే బాజిల్. రెండూ ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోయాయి. తను చేసిన నాలుగు అంతస్తుల్లో అవి పడుకున్నది ఆ జానెడు ఆకుపచ్చ గుడ్డలో.

తరువాతి శనివారం బొజేనా వచ్చింది. గుమ్మంలోంచే చూసింది. ఏప్రన్ కట్టుకోలేదు. బీరువా దగ్గరికి వెళ్ళి సందుల్లో వేళ్ళు పెట్టి చూసింది, గడియలు లాగింది, వాలుపలకల మీద అరచెయ్యి నొక్కింది. వంక దొరుకుతుందేమోనని లుచీనా ఆ వేళ్ళనే చూసింది.

"మంచి చెక్క," అంది బొజేనా. కిటికీ మూలకు తిరిగి, "పాతది?"

"కుండీల దగ్గర పెట్టాను. ఎవరో పట్టుకుపోయారు."

బొజేనా బల్ల దగ్గరికి వచ్చింది. చేతిసంచీలోంచి తాళంచెవి తీసి, గుత్తి నుంచి విడదీయడానికి గోరు పట్టక రెండుమూడుసార్లు తంటాలు పడి, బల్ల మీద పెట్టింది. కాఫీ తాగకుండానే వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం జెనోన్ వచ్చి బీరువాను పైనుంచి కిందిదాకా చూశాడు.

"మీ అమ్మ బీరువా కోసేశావా?"

"కోసేశాను."

"బాగా చేశావు. నేనయినా ఇంత గట్టిగా చెయ్యను." తరువాత కిటికీ మూల ఖాళీని చూశాడు. "అడగాల్సింది, లుచింకా. పారేసే ముందు ఒక్కమాట అడగాల్సింది."

అతను అరిచి ఉంటే ఆమె తిరిగి అరిచేది. ఆ అవకాశం అతను ఇవ్వలేదు.

గెలిచానని లుచీనా అనుకున్న రోజులు అవి. శనివారాలు బోను తనే కడిగింది. ఒక గుడ్డ ఉతికి ఒకటి వదిలేసింది, డబ్బాలో పిసరంత పాతది ఉంచింది. ఎవరు చెప్పగా నేర్చుకుందో గుర్తు చేసుకోవడం మానేసింది. అయితే సెప్టెంబరు నుంచి జెనోన్ శనివారాలు బయటికి వెళ్ళడం మొదలుపెట్టాడు.

"ఎక్కడికి?"

"బ్యాటరీలు కొనుక్కొస్తా."

ఇంట్లో ఉన్నది ఒకే టార్చిలైటు. మూడు శనివారాలు వరుసగా బ్యాటరీలు కొన్నాడు. అంతకుముందు బొజేనా తన కళ్ళెదుట, తన కేకు తింటూ ఉండేది. ఇప్పుడు ఎక్కడ కూర్చుందో, ఏం నవ్వుతోందో కనపడదు. లుచీనాకు తిండి సయించలేదు. ఇస్త్రీ యంత్రం దగ్గర ఇరవై ఎనిమిదేళ్ళలో మొదటిసారి చెయ్యి కాల్చుకుంది.

నాలుగో శనివారం ఆమె అతని వెనకే బయలుదేరింది. అతను ట్రామ్ ముందుపెట్టెలో ఎక్కితే తను వెనకపెట్టెలో ఎక్కింది. విస్తులా నది ఒడ్డున, పడవల రేవు దగ్గర అతను దిగాడు. బెంచీ మీద బొజేనా కూర్చుని ఉంది. టికెట్ల గుడిసె చాటున నిలబడి లుచీనా చూసింది. గాలికి కళ్ళు నీళ్ళు కారుతున్నాయి. జెనోన్ జేబులోంచి ఫోను తీశాడు. ఇద్దరూ దాని మీదికి వంగారు. అతను వేలితో ఒక్కొక్క ఫోటో జరుపుతున్నాడు. ఆమె ఒకటి చూసి నవ్వింది, ఇంకొకటి చూసి ఫోను లాక్కుని దగ్గరగా పెట్టుకుంది, ముక్కుకు ఆనేంత దగ్గరగా. వాళ్ళ మధ్య ఒక మనిషి కూర్చునేంత చోటు ఉంది.

లుచీనా ఇంటికి వెళ్ళిపోవచ్చు. అదే అనుకుంది. కాళ్ళు మాత్రం బెంచీ వైపు నడిచాయి.

జెనోన్ లేచి నిలబడ్డాడు. "లుచింకా, నేను..."

"బ్యాటరీలు దొరికాయా?"

అతను మళ్ళీ కూర్చున్నాడు.

"ఫోటోలు నేనే పంపమన్నానండీ," అంది బొజేనా. "తప్పు నాదే. పంపడం చేతగాక మోసుకొస్తున్నాడు. బాజిల్ తోక మీద జుట్టు రాలుతోంది, చూశారా?"

"చూశాను. ప్రతి శరదృతువులో రాలుతుందట కదా. పచ్చసొన పెడుతున్నాను."

"ఎంత?"

"వారానికొకటి."

బొజేనా తల ఊపింది. మళ్ళీ ఫోను చూసుకుంది. ఆ చూపు ఏమిటో లుచీనాకు బాగా తెలుసు. మే నెల నుంచి తను ఆ చూపుతోనే బతికింది. ఎదుటి మనిషి ముఖంలో దాన్ని చూస్తే జాలి వేయాలి. వేసింది, కానీ దానికంటే ముందు సంతోషం వేసింది. ఆ సంతోషానికి తనే సిగ్గుపడి గొంతు గట్టి చేసుకుంది.

"వచ్చే శనివారం ఇంటికి రండి. తాళంచెవి ఇవ్వను, గంట కొట్టండి. బోను నేనే కడుగుతాను. మీరు కూర్చోండి."

"కూర్చుని ఏం చెయ్యను?"

"చూడండి. నేను మూడు నెలలు చూడలేదా?"

బొజేనా వచ్చింది. ఆ చలికాలమంతా వచ్చింది. కుర్చీలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. ఆ చేతులు ఊరుకునేవి కావు, స్వెటర్ అంచు నలిపేవి, గాలిలో తుడిచేవి. "ఆ ఎడమ మూల," అని గొణిగేది. "కనపడుతోంది," అనేది లుచీనా. ఒకసారి బాజిల్ వెళ్ళి లుచీనా చెప్పులో తల పెట్టుకుని పడుకుంటే బొజేనా సగం కాఫీ వదిలేసి, ట్రామ్ వేళయిందని లేచిపోయింది. ఆ రోజంతా లుచీనా పాట పాడుతూ పని చేసుకుంది.

మార్చిలో బొజేనాకు వేరే ఇల్లు దొరికింది. యజమాని ముసలాయన పావురాలు పెంచేవాడు, జంతువులంటే అభ్యంతరం లేదు. రెండు పిల్ల ఫెర్రెట్లను మాట్లాడుకుంది. అడగలేక అడగలేక, కేకు ముక్క విరుస్తూ అడిగింది.

"బోను... నాకొకటి చేసి పెడతారా? జెనెక్ చేస్తానన్నాడు కానీ..."

"జెనోన్ వద్దు," అంది లుచీనా వెంటనే. "నేను చేస్తాను."

సంతలో పాత పైన్‌చెక్క బీరువా ఒకటి కొన్నారు. నాలుగు ఆదివారాలు లుచీనా బొజేనా కొత్త ఇంటికి వెళ్ళి పని చేసింది. బొజేనా పలకలు పట్టుకుంది, మేకులు అందించింది, ఉయ్యాలలు కుట్టింది. రెండో ఆదివారం ఎప్పుడో ఇద్దరి మధ్యా 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. ఎవరు ముందు అన్నారో గుర్తు లేదు. బోను గట్టిగా వచ్చింది. లినోలియం అంచులు ఎక్కడా లేవలేదు, సందులన్నీ రెండు వేళ్ళు. బొజేనా దాని చుట్టూ తిరిగి, లోపల లెక్కపెట్టి చూసింది.

"నీ బోనుకు నాలుగంతస్తులు కదా లుచీనా. దీనికి మూడే వచ్చాయేం?"

"చెక్క చాల్లేదు," అంది లుచీనా, రంపం గుడ్డలో చుట్టుకుంటూ.

చెక్క చాలింది. మిగిలిన రెండు పలకలు పేపరులో చుట్టి తెచ్చి, ఇంట్లో మంచం కింద పెట్టింది. నేలతుడిచేటప్పుడు జెనోన్ వాటిని చూసి ఎందుకని అడిగాడు. ఎప్పుడైనా పనికొస్తాయంది.